దూలానికి పాత బెజ్జాలు

ఆదివారం. ఊటీ నుంచి వచ్చి మూడు రోజులైనా సంచులు ఇంకా సర్దలేదు. టిఫిన్ కాగానే నాన్న కళ్లద్దాలు తుడుచుకుని వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. "ఫొటోలు చూపించు బిడ్డా, ఆ నీలగిరి ఎట్లా ఉందో చూద్దాం" అన్నాడు. మా నల్లగొండ పాత పేరు కూడా నీలగిరే. మునిసిపాలిటీ బోర్డుల మీద ఆ పేరు చదువుతూ పెరిగినవాణ్ని.

చెరువు, పూలతోట, తేయాకు కొండలు చకచకా జరిపేశాడు. సెయింట్ స్టీఫెన్స్ చర్చి దగ్గర ఆగాడు. మద్రాసు గవర్నరు లషింగ్టన్ హయాంలో 1829 ఏప్రిల్ 23న దానికి శంకుస్థాపన జరిగింది. కెప్టెన్ అండర్‌వుడ్ కట్టించాడు. 1831 ఈస్టరుకు తలుపులు తెరిచారు. ఇవన్నీ చెబుతుంటే ఊ కొడుతూ విన్నాడు. పైకప్పుకు వాడిన పెద్ద దూలం, కలప శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను మహలువని చెప్పగానే ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు.

నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. ఫొటోను పెద్దది చేసి కప్పు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు.

"ఒక ఇంటికి చెక్కిన దూలం ఇంకో ఇంటికి అచ్చంగా కుదరదు. పాత బెజ్జాలు ఎక్కడో ఒకచోట బయటపడాలి. చూశావా?"

చూడలేదు. వెనక బెంచీలో అరగంట కూర్చున్నాను. రంగు అద్దాల వెలుగును ఇరవై ఫొటోలు తీశాను. తలెత్తి చూడాల్సిన చోట ఒక్కసారైనా నిలకడగా చూడనందుకు ఇప్పుడు మనసు పీకుతోంది. 1799లో ఇంగ్లీషు వాళ్లతో కలిసి నిజాం సైన్యమూ శ్రీరంగపట్నం మీదికి వెళ్లింది. ఆ మహలు దిక్కులేనిదైపోవడంలో మమ్మల్ని ఏలినవాళ్ల చెయ్యి కూడా ఉంది. ఆ కర్ర కింద కూర్చుని అది కూడా తలచుకోలేదు.

చర్చి వెనక వాలులో సమాధులున్నాయి. ఊటీని పట్టణంగా నిలబెట్టిన కలెక్టరు సలివన్ భార్య, కూతురు అక్కడే ఉన్నారు. ఆ ఫొటో రాగానే అమ్మ చేతిలోని చాట పక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

సాయంత్రం నాన్న మళ్లీ పిలిచాడు. మా పెంకుటిల్లు విప్పినప్పుడు దూలాన్ని అమ్మనివ్వకుండా కోయించి, ఈ బల్ల చేసింది ఆయనే. ఫోను లైటు బల్ల కిందికి వేయమన్నాడు. వంగి చూశాను. చేవదేరిన నల్లటి కర్రలో మూడు బెజ్జాలు. రెండేమో నాలుగు పలకలుగా తీర్చినట్టున్నాయి. మూడోదాని మూల పక్కకు జారింది.

నాన్న అందులో చూపుడువేలు పెట్టాడు.

"ఆ రెండూ మీ తాతవి. ఇది నేను కొట్టింది, పదమూడేళ్లప్పుడు. ఉలి జారింది. ఆయన చూశాడు కానీ నన్నేమీ అనలేదు."