పితరుల దగ్గరికి

నాన్న భూస్థాపన రోజున పాస్టర్ గారు "తన పితరులయొద్దకు చేర్చబడెను" అనే మాట చదివారు. చిన్నప్పటి నుంచి వింటున్నదే. చనిపోయారని మర్యాదగా చెప్పడం అనుకునేదాన్ని. ఒకప్పుడు అది చేతులతో చేసిన పని అని యెరూషలేములో తెలిసింది.

హోలీ ల్యాండ్ టూర్‌లో ఒక మధ్యాహ్నం ఖాళీ దొరికితే అమ్మను తీసుకుని కెతెఫ్ హిన్నోము వెళ్లాను. పాత పట్టణం బయట, హిన్నోము లోయ అంచున, స్కాట్లాండ్ వాళ్ల చర్చి దగ్గరే ఉంది. క్రీ.పూ. 7వ శతాబ్దం నాటి సమాధులు. కొండరాతిలో గదులు తొలిచారు. పైకప్పులు పోయాయి కాబట్టి లోపలంతా ఎండలో కనిపిస్తుంది. గోడల వెంట రాతి అరుగులు, వాటి మీద తల ఆనడానికి చెక్కిన గుంటలు.

శవాన్ని ఆ అరుగు మీద పడుకోబెట్టేవారు. పక్కన దీపం, కుండలు పెట్టేవారు. మాంసం కరిగిపోయాక ఎముకలు ఏరి, అరుగు కింద తొలిచిన గుంటలో తాతల ఎముకలతో కలిపేవారు. అరుగు మళ్లీ ఖాళీ, ఇంట్లో తర్వాతి మనిషికి. చేర్చబడటం అంటే ఇదే!

అప్పటివాళ్ల నమ్మకంలో చనిపోయినవాళ్లంతా వెళ్లేది షెయోలుకే, మన బైబిల్లో పాతాళం అని ఉంటుంది. రాజైనా, దాసుడైనా అక్కడికే. అంత చీకటిని నమ్మినవాళ్లు తమవాళ్లను ఒంటరిగా వదల్లేదు. అందుకే ఆ గుంట నాకు భయం కలిగించలేదు.

1979లో పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ బృందం ఇక్కడ తవ్వింది. ఒక గుంట మీద కప్పు కూలి ఉండటంతో దొంగల చేతికి చిక్కలేదు. అందులో వెయ్యికి పైగా వస్తువులు, చుట్టిన రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. పెద్దది విప్పితే పది సెంటీమీటర్లు కూడా లేదు! పగలకుండా విప్పడానికే ఏళ్లు పట్టింది. మర్నాడు ఇజ్రాయెల్ మ్యూజియంలో వాటిని చూశాం. వాటి మీద గీసి ఉన్నది "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అనే దీవెన. ఆరాధన ముగిశాక మన పాస్టర్లు చేతులెత్తి చెప్పేదే.

కానీ నా మనసంతా ముందురోజు సాయంత్రం దగ్గరే ఉంది. అమ్మ ఆ అరుగు పక్కన కూర్చుని రాతి గుంటను చేత్తో నిమిరింది. "తలగడ కూడా చెక్కారే" అంది. కాసేపటికి, "మీ నాన్న పక్కన నాకూ చోటు ఉంచమన్నాను, గుర్తుందిగా?" అని అడిగింది.

గుర్తుందమ్మా అన్నాను.