రిసీవర్ తనంతట తానే ఆగిపోతోందా? ముందు గడియారం చూడండి

పాటను పెంచి స్పీకర్లకు పంపే ఆడియో రిసీవర్‌లో పాట మధ్యలో లోపల ఎక్కడో ‘టక్’ మంటుంది. శబ్దం ఆగిపోతుంది, డిస్‌ప్లే ఆరిపోతుంది, ముందున్న చిన్న లైటు ఎర్రగా మిణుకుతూ ఉంటుంది. రిసీవర్ పోయిందని చాలామంది అక్కడే తేల్చేస్తారు. ఆ ‘టక్’ స్పీకర్లకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఉన్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) విడిపోయిన చప్పుడు. అంటే ప్రొటెక్షన్ సర్క్యూట్ తన పని తాను చేసిందన్నమాట. అది దేన్ని చూసి బెదిరిందో కనిపెట్టాలి. మల్టీమీటర్ తీసే ముందు ఒక్క సంగతి రాసి పెట్టుకోండి: ఆన్ చేశాక ఎంతసేపటికి ఆగుతోంది, అప్పుడు వాల్యూమ్ ఎంతలో ఉంది? సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ప్రతిసారీ కచ్చితంగా అన్నే నిమిషాలకు, లైటు మిణుకు లేకుండా, మర్యాదగా ఆగిపోతుంటే అది జబ్బే కాదు. సెట్టింగుల్లో ఆటో స్టాండ్‌బై ఉంటుంది. సిగ్నల్ లేదనిపిస్తే 20 నిమిషాలకో, పెట్టుకున్న గడువుకో ఆపేస్తుంది. చాలా తక్కువ స్థాయిలో వచ్చే సిగ్నల్‌ను కొన్ని మోడళ్లు నిశ్శబ్దం కిందే లెక్కగడతాయి, అందుకే పాట వినిపిస్తున్నా ఆగిపోవచ్చు. టీవీ ఆపగానే రిసీవర్ కూడా ఆగితే హెచ్‌డీఎంఐ మెనూలో సీఈసీ కంట్రోల్ (టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి ఆన్, ఆఫ్ చేసుకునే ఏర్పాటు) తీసేసి చూడండి. స్లీప్ టైమర్ కూడా ఓసారి చూసుకోండి. మూత విప్పాక ఇవి గుర్తొస్తే నవ్వొస్తుంది.

వాల్యూమ్ పెంచినప్పుడో, బేస్ గట్టిగా కొట్టినప్పుడో ఆగుతుంటే అనుమానం వైర్ల మీదికి, స్పీకర్ల మీదికి వెళ్లాలి. ప్లగ్ పీకి, వెనక స్పీకర్ వైర్లన్నీ తీసేసి, మళ్లీ ఆన్ చేసి మామూలు వాల్యూమ్‌లో వదిలేయండి. అప్పుడు ఆగకుండా నడిస్తే తప్పు చాలావరకు బయటే ఉంది. ట్రాన్సిస్టర్ రిసీవర్‌కు ఇలా ఖాళీగా నడపడం వల్ల ఏమీ కాదు. పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయర్‌ను మాత్రం స్పీకర్ లేకుండా నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది.

ఇప్పుడు టార్చ్ పట్టుకుని వెనక టెర్మినళ్లు దగ్గరగా చూడండి. వైరు చివర తొక్క ఎక్కువ తీసి, పురి పెట్టకుండా దూర్చినప్పుడు వెంట్రుక లాంటి రాగి పోగు ఒకటి ఎర్ర టెర్మినల్ నుంచి బయటికి వచ్చి పక్కనున్న నల్లదాన్నో, వెనక రేకునో తాకుతూ ఉంటుంది. దూరం నుంచి చూస్తే కనిపించదు. వెలుతురు పక్కగా పడినప్పుడు మెరుస్తుంది. కొన్నిసార్లు అది పూర్తిగా ఆనుకుని ఉండదు. బేస్‌కు బల్ల అదిరినప్పుడే తగులుతుంది. అందుకే వాల్యూమ్ పెంచితేనే ఆగుతుంది. చివర కత్తిరించి, 10 మిల్లీమీటర్ల మేరకే తొక్క తీసి, గట్టిగా పురి పెట్టి దూర్చండి. స్పీకర్ వైపు చివరనూ ఇలాగే చూడాలి. వైరు తలుపు సందులోంచి వస్తుంటే అక్కడ నలిగిందేమో తడిమి చూడండి.

వైర్లు రిసీవర్ నుంచి తీసేసి ఉండగానే వాటి చివర్ల మధ్య ఓములు కొలవండి. 8 ఓముల స్పీకర్ మీటరులో సుమారు 6 నుంచి 7 చూపిస్తుంది, 4 ఓములది 3 నుంచి 3.5. మీటరు కొలిచే డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) నిరోధం ఎప్పుడూ స్పీకర్ మీద చెప్పిన ఇంపీడెన్స్ (పాట సిగ్నల్‌కు అది చూపే అడ్డు) కన్నా కాస్త తక్కువే, కంగారు పడొద్దు. 1 కన్నా తక్కువ చూపిస్తే షార్టే. స్పీకర్ వైపు కూడా వైరు విప్పి మళ్లీ కొలిస్తే దోషం వైరుదో, స్పీకర్‌దో తేలిపోతుంది.

వైర్లు బాగున్నా లోడు ఎక్కువై ఉండొచ్చు. ఏ, బీ అని రాసి ఉండే రెండు స్పీకర్ల జతలూ ఒకేసారి ఆన్ చేస్తే చాలా రిసీవర్లలో అవి పారలల్‌గా కలుస్తాయి: రెండు 8 ఓములు కలిసి 4, రెండు 4 ఓములు కలిసి 2. అవుట్‌పుట్‌లో 20 వోల్టులు ఉంటే 8 ఓములకు 50 వాట్లు, 4కి 100, 2కి 200. అంత కరెంటు ఇవ్వడానికి మామూలు రిసీవర్ పుట్టలేదు. వెనక టెర్మినళ్ల దగ్గరే కనీస ఓములు ముద్రించి ఉంటాయి. రెండు జతలు వాడేటప్పుడు వేరే అంకె ఉంటుంది, దాన్ని నమ్మండి.

అరగంటో గంటో బాగా నడిచి ఆగి, చల్లారాక మళ్లీ నడిస్తే అది వేడి. మూసిన అలమారాలో పెట్టడం, పైన సెట్‌టాప్ బాక్సు ఎక్కించడం దీనికి మామూలు కారణాలు. పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి. ఒక పరీక్ష: టేబుల్ ఫ్యాను గాలి మూత మీదుగా పోయేలా పెట్టండి. ఇదివరకటి కన్నా చాలాసేపు నడిచిందంటే కారణం తేలినట్టే. ప్లగ్ తీసి, మెత్తటి బ్రష్‌తో హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు రెక్కలు) సందుల్లోని దుమ్ము దులపండి. పాట లేకుండా ఊరికే ఉన్నా హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే దుమ్ము ఒక్కటే కారణం కాకపోవచ్చు. బయాస్ కరెంటు (పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) పెరిగి ఉండొచ్చు, దాన్ని సర్వీస్ మాన్యువల్‌లోని అంకె చూసే సరిచేయాలి.

స్పీకర్లు ఏవీ లేకుండానే ఆన్ చేసిన కొద్ది సెకన్లకే ఆగితే తప్పు లోపలే. ఎక్కువగా ఒక చానల్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ (స్పీకర్‌కు కరెంటు ఇచ్చేది) షార్ట్ అయి, స్పీకర్‌కు వెళ్లే దారిలోకి డీసీ వస్తుంది. ప్రొటెక్షన్ పట్టుకోకపోతే స్పీకర్ లోపలి తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, మాడిపోయేది. ఈ స్థితిలో మాటిమాటికీ ఆన్ చేసి చూడకండి. ఒక ట్రాన్సిస్టర్‌తో పోయేది దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టర్ల (డ్రైవర్ల) దాకా పాకుతుంది.

మూత విప్పేముందు ప్లగ్ పీకాలి. అప్పటికీ పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో ఒక్కోదానికి 40 నుంచి 70 వోల్టులు నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానండి. 1 కిలో ఓము, 5 వాట్ల రెసిస్టర్‌ను రెండు కాళ్లకూ ఆనించి పట్టుకోండి, ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో. 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు ఒక నిమిషం చాలు. మీటరుతో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

మీటరును డయోడ్ స్థానానికి తిప్పి ప్రతి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కలెక్టర్, ఎమిటర్ కాళ్ల మధ్య రెండు వైపులా పెట్టండి. సున్నా చూపించి కూత పెట్టింది పోయినట్టే. బాగున్నదానికి బేస్ అనే మూడో కాలికీ, ఎమిటర్‌కీ మధ్య ఒక వైపు 0.5 నుంచి 0.6 దాకా రావాలి. బోర్డులో ఉండగా చుట్టుపక్కల భాగాలు మీటరును మోసం చేయొచ్చు, అందుకే బాగున్న చానల్‌లో అదే చోట ఏం వస్తోందో పోల్చండి. పోయినదాన్ని మాత్రమే కాదు, ఆ చానల్‌లోని ఎన్‌పీఎన్, పీఎన్‌పీ జతను మొత్తం మార్చండి. దాని డ్రైవర్లనూ, ఎమిటర్ దగ్గరి తక్కువ ఓముల రెసిస్టర్లనూ పరీక్షించండి. ట్రాన్సిస్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే మైకా రేకు, థర్మల్ పేస్టు కొత్తవి వేయాలి.

మార్చాక నేరుగా కరెంటు ఇవ్వొద్దు. 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును సప్లైకి సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే రిసీవర్‌కు వెళ్లేలా, పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఆన్ చేయగానే బల్బు భగ్గున వెలిగి మసకబారితే మంచిది. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది, వెంటనే ఆపేయండి. కొత్త ట్రాన్సిస్టర్లు మాత్రం మిగులుతాయి. మసకబారాక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ కొలవండి: 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. రిలే పట్టుకోకపోతే స్పీకర్ టెర్మినల్ దగ్గర ఏమీ రాదు, రిలేకు ముందు వైపు కొలవాలి. బల్బు తీసేశాక మంచి స్పీకర్లు ఇప్పుడే కలపకండి. పోయినా బాధ లేని ఒక పాత స్పీకర్‌తో, తక్కువ వాల్యూమ్‌లో, ఒక్కో చానల్‌ను అరగంటపాటు నడిపి హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టి చూడండి.