“అర్థమైందా?” అని అడగకండి

పిల్లాడికి విరేచనాలని ఆరోగ్య కేంద్రానికి వచ్చిన తల్లి చేతిలో ఓఆర్‌ఎస్ (నీళ్ళలో కలిపి తాగించే లవణాల పొడి) ప్యాకెట్లు, జింకు బిళ్ళలు పెట్టి, వాడే పద్ధతి గబగబా చెప్పేసి “అర్థమైందా?” అంటాం. వెనక లైన్లో పదిమంది నిలబడి ఉంటే ఎవరైనా “ఆ, అయిందండీ” అనే అంటారు. ఆ జవాబుతో మనకేమీ తెలియదు.

దాని బదులు “ఇంటికెళ్ళాక ఇదెలా కలపాలని మీ అత్తగారు అడిగితే ఏం చెప్తారమ్మా?” అనండి. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. ఎక్కువమంది చెప్పేది “గ్లాసు నీళ్ళలో కొంచెం పొడి” అనే. లీటరు ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలోనే కలపాలి. నీళ్ళు తక్కువైతే ఒంట్లో ఉప్పు శాతం పెరిగి ప్రమాదం, విరేచనాలూ ఎక్కువవుతాయి. నీళ్ళు మరీ ఎక్కువైతే పోయిన లవణాలు తిరిగి రావు. లీటరు వాటర్ బాటిల్ మంచి కొలత. కూల్‌డ్రింక్ సీసా అయితే 600, 750 మి.లీ. కూడా ఉంటాయి కాబట్టి దానిమీద అంకె చూపించి చెప్పాలి. పంచదార, పాలు కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి.

ఎంత తాగించాలో మి.లీ.లలో చెబితే ఇంట్లో పనికిరాదు. గ్లాసు పట్టుకుని గీత చూపించండి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళలోపు పిల్లలకు 50–100 మి.లీ., ఆపైన పదేళ్ళ వరకు 100–200. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టాలి. ఈ ముక్క చెప్పకపోతే “కక్కేస్తున్నాడు, ఆపేశాం” అంటారు.

రుచి బాగుందని కొట్లో దొరికే డబ్బా పానీయాలే ఓఆర్‌ఎస్ అనుకునేవాళ్ళు చాలామంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని పానీయాల పేరులో ఆ మాట వాడొద్దని 2025లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అయినా ఏది కొనాలో ప్యాకెట్ చూపించే పంపాలి.

జింకు ఆరు నెలలు దాటితే రోజుకి 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10. 14 రోజులూ వేయాలి, కానీ విరేచనాలు తగ్గగానే మానేస్తారు. వచ్చే రెండు మూడు నెలల్లో మళ్ళీ రాకుండా కాపాడుతుందని కారణం చెప్పి, 14వ రోజు క్యాలెండర్లో గుర్తు పెట్టించండి.

ఆమె ఏదైనా తప్పు చెబితే “నేనే సరిగ్గా చెప్పలేదమ్మా” అని, తప్పిన ముక్క ఒక్కటే మళ్ళీ చెప్పి, మళ్ళీ అడగండి. ప్రమాద లక్షణాలు మాత్రం తప్పకుండా ఆమె నోటితో చెప్పించాలి: మలంలో రక్తం, కళ్ళు గుంటలు పడటం, మగతగా ఉండటం, తాగలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.