వైజాగ్ చూడాలంటే పాత ఊరు నుంచి మొదలెట్టండి

ఆర్కే బీచ్, కైలాసగిరి చూసేసి వెళ్లిపోయేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అసలు ఊరు వన్‌టౌన్‌లో ఉంది. కురుపాం మార్కెట్ వైపు కారులో వెళ్లకండి. ఆ సందుల్లో ఎదురుగా ఇంకో బండి వస్తే కదలడం కష్టం. ఆటో దిగి నడవడమే మేలు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు, ఎండైనా వానైనా ఆకాశం కిందే కొలువు. గురువారాలు, అందులోనూ మార్గశిరంలో, కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. హార్బర్ ముఖాన మూడు కొండలు: ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద రాస్ హిల్ చర్చి. మూడూ ఎక్కాల్సిందే, నాకైతే ఊరంతటిలో ఇంతకంటే గొప్ప చోటు లేదు.

భీమిలికి ఇంకో రోజు పెట్టుకోండి. రైల్వేస్టేషన్ నుంచి 900కె బస్సు ఉంది. డచ్చివాళ్ల సమాధులు, పావురాలకొండ మీది నుంచి గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, రెండూ చూడండి. దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. మిట్టమధ్యాహ్నం వద్దు, నీడ తక్కువ. వాన పడ్డాక అంచుల మీద నిలబడొద్దు, ఆ మట్టి వదులు, జారిపోతుంది. గుర్తుగా గుప్పెడు మట్టి కూడా తీసుకెళ్లకండి, దయచేసి.