కార్జం మీది నీటి బుడగ

మొన్న ఆదివారం పొద్దున్నే వేట మాంసానికి వెళ్ళాను. మా ఊళ్ళో కొట్టు కాలవ గట్టు మీదే. మేకను వేలాడదీసి పొట్ట చీలిస్తే కార్జం అంచున పెద్ద ఉసిరికాయంత తెల్లటి బుడగ, పక్కనే ఇంకోటి. కొట్టతను రెండూ చెక్కి గట్టు కిందికి విసిరాడు. కుక్కలు అందుకోసమే కూర్చుని ఉన్నాయి.

"కోసి పారేశాను కదండీ, ఇంకేం భయం లేదండి, ఆయ్" అన్నాడు నా మొహం చూసి.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. ఆ బుడగని హైడాటిడ్ తిత్తి అంటారు. పొరపాటున మనం తిన్నా ఆ జబ్బు రాదు. ప్రమాదమంతా ఆ విసరడంలో ఉంది. తిత్తిలోని నీళ్ళలో సన్నటి ఇసకలా పురుగు పిల్లలుంటాయి. కుక్క తింటే దాని పేగుల్లో బద్దెపురుగులవుతాయి, కొన్ని వారాలకి గుడ్లు పెంటతో బయటికొస్తాయి. గడ్డితో పాటు మేకకి, అంటిన చేత్తో అన్నం తింటే మనిషికి. మనిషి కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఆ తిత్తి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. తెలిసేసరికి ఆపరేషన్ దాకా వస్తుంది. అక్కడే అతని మనవరాలు, ఏడేళ్ళుంటాయేమో, ఒక కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆడుతోంది. నాకు కాళ్ళాడలేదు.

గొయ్యి తీసి పాతమందామంటే మా కోనసీమలో మూడడుగులకే నీళ్ళు ఊరతాయి. కాలవలో వేస్తే ఇంకా ఘోరం. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు పేగులూ పెంటా అడుగునే కుళ్ళుతాయి. నీళ్ళొదలగానే అంతా కదిలి దిగువకి పోతుంది. దిగువ ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ నీళ్ళతోనే.

2001 నాటి కబేళా నిబంధనల్లో, ఒక డాక్టరు గంటకి 12, రోజుకి 96 పశువులకి మించి పరీక్షించకూడదని ఉంది. అంత నిదానంగా చూడాలని. మా గట్టు మీద కొయ్యకముందు మేకను చూసిన డాక్టరు నా సర్వీసులో ఒక్కరూ లేరు. చూడమని నేనూ అడగలేదు. ఆ తప్పు నన్నిప్పటికీ బాధిస్తోంది.

అందుకే అతనితో గంటసేపు కూర్చుని మాట్లాడాను. బుడగలున్న ముక్కలు మూతున్న డబ్బాలో వేసి, ముప్పావు గంట సలసలా మరిగించాకే పారెయ్యాలి. దానికి ఒప్పుకున్నాడు. పాత డేగిసా ఒకటి ఉందట. కుక్కలకి బద్దెపురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ మాత్రలు నేను తెస్తానన్నాను, ఆరు వారాలకోసారి. పాప చేతులు అప్పటికప్పుడే సబ్బు పెట్టి కడిగించాను. మొదటి మాత్ర ఆ కుక్కపిల్ల తల్లికి, రేపు సాయంత్రం.