ఐదో పేరు

రాత్రి పదకొండు దాటింది. పొద్దున ఏడు లోపల మా అమ్మాయిల ఐస్ హాకీ జట్టు కోచ్‌గారికి ఒక పేరు పంపాలి. పవర్ ప్లే (తప్పు చేసిన అవతలి పిల్ల రెండు నిమిషాలు బయట కూర్చుంటే, వాళ్ళకి ఒకరు తక్కువగా సాగే ఆట) మొదటి అయిదుగురిలో నలుగురు ఖాయమైపోయారు. ఐదో పేరు నన్ను చెప్పమన్నారు, బెంచి వెనక నిలబడి షాట్లకీ పాసులకీ గీతలు పెట్టేది నేనే గనక. మిగిలింది ఇద్దరు. 9వ నంబరు పిల్ల, గోల్ కొట్టే రకం. మా చిన్నది, గోల్ కొట్టించే రకం. మన పిల్ల కదా అని వెనక్కి లాగుతున్నానో, మన పిల్ల కదా అని ముందుకు తోస్తున్నానో నాకే తెలియడం లేదు.

ఇవాళ్టి సంతోషం ముందు చెప్పేస్తాను. రెండో పీరియడ్‌లో చిన్నది ఇచ్చిన సాసర్ పాస్ (పక్‌ని, అంటే ఆడే రబ్బరు బిళ్ళని, గాలిలోకి లేపి ఇచ్చేది) ఒకటి, అడ్డంగా చాచిన డిఫెన్స్ పిల్ల స్టిక్ మీంచి జానెడు ఎత్తున ఎగిరి, మనవాళ్ళ బ్లేడు ముందు బల్లపరుపుగా వాలింది. గోలయింది.

తరవాతంతా చిరాకే. రిఫరీ గోల్ కొట్టినమ్మాయి నంబరొక్కటే టైమ్‌కీపర్‌కి చెప్పాడు. గోల్ కొట్టించిన పాస్‌కి దక్కే అసిస్టు రాయలేదు. వెంటనే కెప్టెన్ వెళ్ళి అడిగి ఉంటే సరిదిద్దేవారు, మేం గమనించేసరికి ఆలస్యమైంది. పోనీ అనుకుందును. కానీ ఇంటికొచ్చాక కాల్గరీ బావగారు ఫోన్ చేసి మొట్టమొదట అడిగిన మాట, "ఎన్ని కొట్టిందమ్మా?" అని. ఏమీ కొట్టలేదు బావగారూ, ఒకటి కొట్టించింది అన్నాను. "సరేలే, వచ్చే ఆటలో కొడుతుందిలే" అన్నారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన పెట్టిన రేటు ఒకటుంది, గోల్‌కి ఐదు డాలర్లు. ప్రేమతోనే పెట్టారు, కాదనను. కానీ అప్పటినుంచి ఈ పిల్ల ఆట చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. వెనకటి ఆటల్లో రెండు షాట్లు కొట్టే పిల్ల ఇప్పుడు అయిదారు కొడుతోంది, అవీ ఎక్కడ పడితే అక్కడినుంచి. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4. సూటిగా ఎదురుగా నిలబడితే ఆ 6 అడుగులూ మీవే. అక్కణ్ణుంచి 60 డిగ్రీలు పక్కకి జరిగితే కంటికి ఆనే వెడల్పు 3 అడుగులే, ఆ మూడింటినీ గోలీ (గోల్ కీపర్) స్తంభానికి ఆనుకుని ప్యాడ్లతో మూసేస్తుంది. అక్కడినుంచి కొట్టడం అంటే పక్‌ని గోలీకి అప్పజెప్పడమే. అదే క్షణంలో అవతలి వైపు ఒక పిల్ల ఖాళీగా స్టిక్ నేలకి ఆనించి ఎదురుచూస్తూ ఉంటుంది. రెండు నెలల క్రితం అయితే మా చిన్నది ఆ పిల్లని కళ్ళు మూసుకుని చూసేది. ఐదు డాలర్ల నోటు ఆ కళ్ళకి అడ్డం వచ్చింది.

లీగ్ లెక్కల్లో గోల్‌కీ అసిస్టుకీ ఒకటే పాయింటు. ఒక గోల్‌కి రెండు అసిస్టుల దాకా ఇస్తారు. చివరి పాస్ ఇచ్చినవాళ్ళకి మొదటిది, దానికి ముందు పాస్ ఇచ్చినవాళ్ళకి రెండోది. ఈ రెండోదాన్ని నమ్ముకుని ఎవరినీ ఎంచకూడదు. మన వైపు చివర్లో ఊరికే పక్కకి తోసిన పక్ కూడా గోలయితే రెండో అసిస్టుగా రాస్తారు. నా కాగితంలో రెండింటికీ వేరే వేరే గడులు ఉన్నది అందుకే.

సరే, అసలు సంగతి. సాయంత్రం దాకా నా మనసులో పేరు చిన్నదే. పాస్ ఇచ్చేవాళ్ళదే పైచేయి అని ఏళ్ళుగా నమ్ముతున్నదాన్ని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదంటారే, అలా. ఎడ్మంటన్‌లో ఉంటూ ఇంకోలా నమ్మడం కూడా కష్టం. ఇక్కడి జట్టుకి ఆడిన గ్రెట్‌స్కీ గోల్స్ అన్నీ తీసి పక్కన పెట్టినా మిగిలిన 1,963 అసిస్టులే, ఎన్‌హెచ్‌ఎల్ (పెద్దవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్) పాయింట్లలో రెండో స్థానంలో ఉన్న యాగర్ మొత్తం పాయింట్లు 1,921 కన్నా ఎక్కువ. గోల్ కొట్టే రకం బ్రెట్ హల్‌ని చూడండి. సెయింట్ లూయిస్‌లో 1988-89లో 41 గోల్స్. పాస్ ఇచ్చే ఆడమ్ ఓట్స్ పక్కన చేరగానే 72, మరుసటేడు 86. 1992 ఫిబ్రవరిలో ఓట్స్ బోస్టన్‌కి వెళ్ళిపోయాక 54, 57. బోస్టన్‌లో అదే ఓట్స్ పక్కన కామ్ నీలీ, పాడైపోయిన మోకాలితో, 1993-94లో తన 44వ ఆటకే 50 గోల్స్ కొట్టాడు.

వీటన్నిటికన్నా నేను ఎవరితోనైనా వాదించేటప్పుడు బయటికి తీసే సీజన్ ఇంకొకటి. 2005 నవంబరు 30న బోస్టన్ జట్టు తన కెప్టెన్ జో థార్న్‌టన్‌ని శాన్ హోసేకి ఇచ్చేసి, బదులుగా మార్కో స్టర్మ్, బ్రాడ్ స్టూవర్ట్, వేన్ ప్రైమోలని తీసుకుంది. శాన్ హోసే అప్పుడు వరస ఓటముల్లో ఉంది. అక్కడ కుడి వింగ్‌లో జోనథన్ చీచూ. అంటారియో ఉత్తరాన మూస్ ఫ్యాక్టరీ అనే ఊరివాడు, క్రీ కుర్రాడు. అంతకుముందు అతను ఒక సీజన్‌లో కొట్టిన అత్యధికం 28. ఆ సీజన్ ముగిసేసరికి 56. లీగ్ మొత్తంలో అతనే మొదటివాడు, ఎక్కువ గోల్స్‌కి ఇచ్చే రిషార్ ట్రోఫీ అతనిదే. వెనకాల ఎవరున్నారో చూడండి: యాగర్ 54, కొవల్‌చుక్ 52, అప్పుడే లీగ్‌లోకి వచ్చిన ఒవెచ్‌కిన్ 52. థార్న్‌టన్‌కి 96 అసిస్టులు, 125 పాయింట్లు, ఎక్కువ పాయింట్లకి ఇచ్చే ఆర్ట్ రాస్, అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీలు రెండూ. సీజన్ మధ్యలో జట్టు మారి హార్ట్ గెలిచిన మొదటివాడు అతను.

థార్న్‌టన్ చేసేది చెప్పడానికి సులువు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. పక్‌ని గోల్ వెనక్కో, పక్క గోడ దగ్గరికో తీసుకెళ్ళి, డిఫెన్స్‌వాణ్ణి వీపు మీద మోస్తూ, చేతులు దూరంగా చాచి ఆగుతాడు. ఆగడమే అతని పని. ఒకడి బదులు ఇద్దరు మీదికొచ్చేదాకా ఆగుతాడు. గోలీ మెడ తిప్పి వెనక్కి చూడక తప్పదు, చూస్తే ముందున్నవాడు కనపడడు. అప్పుడు పాస్. చీచూ ముందునుంచీ అక్కడ నిలబడి ఉండడు, పాస్‌తోపాటే వస్తాడు. ఆపి చూసుకోవడం లేదు, వచ్చింది వచ్చినట్టే కొట్టేస్తాడు.

తరవాతి సీజన్లలో చీచూ గోల్స్ 37, 23, 12. 2009లో ఒటావాకి పంపేశారు. దీన్ని ఇన్నేళ్ళూ ఎలా చెప్పుకుంటూ వచ్చానంటే, చూశారా, చీచూని తయారు చేసింది థార్న్‌టన్, అని.

ఇది టైపు చేస్తూ అక్కడే ఆగిపోయాను. టీ పెట్టుకుని వచ్చి మళ్ళీ చదివాను. 37 గోల్స్ సీజన్‌లో థార్న్‌టన్ ఎక్కడికీ పోలేదు. అదే జట్టులోనే ఉన్నాడు, ఆ ఏడు 92 అసిస్టులు ఇచ్చాడు. పాస్ తగ్గలేదు, గోల్స్ తగ్గాయి. తగ్గింది చీచూ. గాయాలతో కాలు ఒక అడుగు ఆలస్యమైంది, ఆ ఒక్క అడుగుకి పాస్ ఖాళీ జాగాలోకి వెళ్ళింది. ఇంకొకటి, 56 కొట్టిన ఏడు ఎడమ వింగ్‌లో నిల్స్ ఎక్‌మన్ కూడా అదే థార్న్‌టన్ పక్కన ఆడాడు. అతనికి వచ్చినవి ఇరవై పైచిలుకు. వడ్డించే చెయ్యి ఒకటే, ఒక విస్తట్లో రెండింతలు ఎలా పడింది? చీచూ చేసిన పని కూడా ఎక్కడా రాయని పనే. పక్ లేనప్పుడు డిఫెన్స్ భుజం వెనక దాక్కోవడం, సరైన క్షణానికి బయటికి రావడం. ఆ పనికి కాగితంలో నేను గడి కూడా గీయలేదు.

ఒవెచ్‌కిన్ సంగతి కూడా అంతే. ఆ 52 గోల్స్ కుర్రాడు 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ కొట్టి గ్రెట్‌స్కీ 894ని దాటాడు. పవర్ ప్లేలో, గోల్ ముందు ఎడమ పక్క మంచు మీద గీసిన సర్కిల్ నుంచే, టామ్ విల్సన్ ఇచ్చిన పాస్ మీద. ఇరవై ఏళ్ళలో పాస్ ఇచ్చేవాళ్ళు మారుతూ వచ్చారు. నిలబడే చోటు లీగ్ అంతటికీ తెలుసు, గోలీలందరికీ తెలుసు. అయినా ఆపలేకపోయారు.

ఎందుకు ఆపలేరో మంచు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. అతను కుడిచేతి వాటం, నిలబడేది ఎడమ సర్కిల్‌లో. అలా ఉంటే బ్లేడు ముఖం రింక్ నడిమి వైపు, వచ్చే పాస్‌కి ఎదురుగా ఉంటుంది. ఆపకుండా కొట్టొచ్చు. ఎడమచేతి వాటం వాళ్ళని అక్కడ నిలబెడితే పక్ ముందు ఒంటికి అడ్డంగా దాటాలి, ఆపాలి, సర్దుకోవాలి, అప్పుడు కొట్టాలి. అర సెకను పోతుంది. గోలీ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి జారుకోవడానికి ఆ అర సెకను చాలు. గోల్ నడిమి నుంచి మనవైపుకి ఒక గీత గీశామనుకోండి, ఆ గీతని దాటి వచ్చే పాస్‌కి గోలీ ఒళ్ళంతా కదలాలి, కదులుతున్నంతసేపూ కాళ్ళ మధ్యా చేతుల కిందా సందులే. పాస్ ముందు కాలికి సూటిగా రావాలి. స్కేట్లలోకి వస్తే ఎంత షాట్ ఉన్నా వృథా. అవతలి గోడ దగ్గర ఎడమచేతి వాటం మనిషి ఉంటే మంచిది, బ్లేడు లోపలి ముఖంతోనే అడ్డంగా పంపగలరు. వాషింగ్టన్‌లో ఒవెచ్‌కిన్‌కి సహచరుడు బాక్‌స్ట్రమ్ ఏళ్ళ తరబడి ఇచ్చింది అదే పాస్.

ఇప్పుడు మా నలుగురిని చూస్తే, బ్లూ లైన్ దగ్గర ఒకమ్మాయి, కుడి గోడ దగ్గర కెప్టెన్, నడుమ ఒకరు, గోలీ ముందు ఒకరు. ఎడమ సర్కిల్ ఖాళీ. నేను అనుకున్న ఉపాయం చిన్నదాన్ని కుడి గోడ దగ్గర పెట్టి, కెప్టెన్‌ని ఎడమ సర్కిల్‌కి జరపడం. కెప్టెన్‌ది కుడిచేతి వాటమే, కాగితం మీద అన్నీ సరిపోతాయి. కానీ కెప్టెన్ అక్కడ నిలబడితే ఊరుకోదు, పక్ దగ్గరికి నడిచి వచ్చేస్తుంది. పాస్ ఇచ్చేవాళ్ళు ఇద్దరైతే అవతలి జట్టు రెండు నిమిషాలూ కదలకుండా గోల్ ముందు పెట్టెలా నిలబడి చూస్తుంది. కొడతారన్న భయం ఉంటేనే వాళ్ళు బయటికొస్తారు. బయటికొస్తేనే పాస్‌కి దారి పుడుతుంది. 2022-23లో మా ఊరి జట్టు పవర్ ప్లేలలో 32.4 శాతం గోలయ్యాయి, అప్పటికి లీగ్ రికార్డు. మెక్‌డేవిడ్ పాసులు ఎంతైనా ఉండనీండి, కుడి వైపు గోల్ గీత దగ్గర డ్రైసైటల్ కాచుకుని ఉన్నాడన్న భయం లేకపోతే ఆ దారులు తెరుచుకునేవి కావు.

9వ నంబరు పిల్లది కుడిచేతి వాటం. నిలబడమన్నచోట నిలబడుతుంది. మొన్నటిదాకా ఆ పిల్ల మీద నాకున్న అభ్యంతరం, గోల్స్ అదృష్టంకొద్దీ వస్తున్నాయేమోనని. సరైన సందేహమే. పదింటికొక షాట్ గోలయ్యే ఆటలో ముప్ఫై షాట్లకి అయిదు గోల్స్ వచ్చినా ఒకటే వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు, మనిషి అదే. అందుకే గోల్స్ వదిలేసి షాట్లు ఎక్కడినుంచో చూడాలి. ఇందాక కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూశాను. ఆ పిల్ల షాట్లలో మూడొంతులు సర్కిల్ లోపలివే. ఒక్క ఆటలో కాదు, పన్నెండు ఆటల్లోనూ.

అదీ సరిపడని స్టిక్‌తో. ఆ పిల్ల 40 కిలోలుంటుంది, అంటే 88 పౌండ్లు. పౌండ్లలో బరువుని సగం చేస్తే వచ్చే ఫ్లెక్స్ (స్టిక్ ఎంత బిరుసో చెప్పే అంకె), అంటే 40, 45 మధ్య చాలు. చేతిలో ఉన్నది 60, అదీ పొడుగు తగ్గించడానికి పైన కోసేశారు. కోస్తే ఇంకా బిరుసెక్కుతుంది. వంగని స్టిక్ తిరిగి తన్నదు, పక్‌ని చేతుల బలంతోనే నెట్టాలి. వాళ్ళమ్మకి గట్టిగా చెప్పాలి, పెరుగుతుంది కదా అని పెద్దది కొనకండి, ఈ ఏడాదికి ఈ ఏడాది స్టిక్ కొనండి అని.

చిన్నది రెండో బృందంలో కుడి గోడ దగ్గర. అక్కడ పక్ తనదే, ఆగడమూ తనదే. నా మనసు చివుక్కుమంటోంది, దాచను. ఆ సాసర్ పాస్ కోసం శీతాకాలమంతా గ్యారేజీలో చెక్క దుంగ అడ్డం పెట్టి చేసింది. పక్‌ని బ్లేడు మడమ దగ్గర మొదలుపెట్టి కొసదాకా దొర్లించి వదిలితేనే గిర్రున తిరుగుతుంది. తిరగకపోతే గాలిలో ఊగి, అంచు మీద పడి, చక్రంలా దొర్లిపోతుంది. వందలసార్లు దొర్లిపోయింది. ఏ కాగితంలోనూ లేకపోయినా ఇక్కడ రాసి పెడుతున్నాను.

బావగారితో ఆదివారం మాట్లాడతాను. ఆపమని అనను, నొచ్చుకుంటారు. ఆ ఐదూ మూడూ రెండుగా చెయ్యమంటాను, కొడితే రెండు, కొట్టిస్తే మూడు. 

మెసేజ్ పంపాను: 9. కోచ్‌గారు అప్పుడే చూసినట్టున్నారు, బొటనవేలు గుర్తు వచ్చింది. ప్రాక్టీసు సాయంత్రం ఆరుంపావుకి, చిన్నదానికి కారులో చెప్పాలి. స్టిక్‌కి టేపు సగమే చుట్టి వదిలేసింది, అది పూర్తి చేసి పడుకుంటాను.