బంగారం మీద పెంచిన రిబ్బన్లు

మాది గుంటూరు. నాన్న పట్నంబజారు దగ్గర బంగారం పని చేస్తారు. పీహెచ్‌డీ కోసం నేను రోజూ మంగళగిరి మీదుగా వారధి దాటి విజయవాడ ల్యాబ్‌కి వెళ్లేదాన్ని. నాదీ బంగారం పనే. గోరంత బంగారు స్ఫటికం మీద గ్రాఫీన్ నానోరిబ్బన్లు పెంచాలి.

గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొర. అది షీటుగా ఉంటే కరెంటును ఆపలేం. సన్నటి పట్టీగా, అంటే నానోరిబ్బన్‌గా ఉంటే కరెంటును ఆపడానికీ వదలడానికీ వీలయ్యే సెమీకండక్టర్ అవుతుంది. కానీ కత్తిరిస్తే అంచులు చెడిపోతాయి. స్విట్జర్లాండ్‌లోని ఎంపా, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు 2010లో వేరే దారి చూపారు. రెండు చివర్లా బ్రోమిన్ ఉన్న ఆంత్రసీన్ అనే కార్బన్ అణువుల జంటల్ని బంగారం మీద పరిచి వేడి చేస్తే, 200 డిగ్రీల దగ్గర బ్రోమిన్ ఊడి అవి గొలుసుగా కలుస్తాయి. 400 దగ్గర హైడ్రోజన్ పోయి, గొలుసు చదునై రిబ్బన్ అవుతుంది. వెడల్పు ఒక నానోమీటరు కూడా ఉండదు.

చదవడానికి రెండే మెట్లు. నాకు నాలుగు నెలలు పట్టింది.

ముందు వ్యాక్యూమ్. చాంబర్లో గాలి పీడనం బయటి దాంట్లో పది లక్షల కోట్లలో ఒక వంతుకు దిగాలి. గోడలకు పట్టిన తేమ వదలాలంటే చాంబర్‌కి ఫాయిల్ చుట్టి రెండు రోజులు 130 డిగ్రీల దగ్గర ఉంచాలి. మే నెలలో రెండో రాత్రి కరెంటు పోయింది. పంపులు యూపీఎస్ మీద బతికాయి, హీటర్లు ఆగిపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత బంగారాన్ని ఆర్గాన్ అయాన్లతో కొట్టి, కాల్చి శుభ్రం చేశాను. సన్నటి సూదితో పరమాణువుల్ని చూపించే టన్నెలింగ్ మైక్రోస్కోపులో చేపముల్లు ఆకారంలో గీతలు కనిపిస్తే ఉపరితలం బాగున్నట్టే. నాకు కనిపించాయి కూడా. అయినా రిబ్బన్లు మాత్రం ముక్కలు ముక్కలుగానే వచ్చేవి. ఆంత్రసీన్ జంటల పొడిలోనే దోషం ఉందనుకుని రెండుసార్లు మార్చాను. ఫలితం లేదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుంటే నాన్న, "నువ్వు వేడి దేన్ని చూసి చెబుతున్నావమ్మా? కుంపటి వేడి వేరు, మూసలో బంగారం వేడి వేరు" అన్నారు.

నేను చూస్తున్నది స్ఫటికాన్ని పట్టుకునే హోల్డరుకున్న థర్మోకపుల్‌ని, అంటే వేడి కొలిచే తీగని! వేడి చేసే ఫిలమెంటు స్ఫటికం వెనకే ఉంది. హోల్డరు 200 చూపించేసరికి బంగారం చాలా పైకి వెళ్లిపోయేది. గొలుసులు పెరగకముందే హైడ్రోజన్ ఊడి, వాటి చివర్లకు అతుక్కుని మూసేసేది. మూసుకున్న చివరకు ఇంకో అణువు కలవదు.

అప్పటి నుంచి అంకెను నమ్మడం మానేసి, పది డిగ్రీలు పెంచడం, చల్లార్చడం, సూదితో చూడటం, ఇదే పని. రోజుకు రెండు మెట్లు దాటితే గొప్ప. ఐదో రోజు జడపాయల్లా అటూ ఇటూ ఒరిగిన రెండు వరుసల బుడిపెలు కనిపించాయి. అవే గొలుసులు! ఇంకా వేడి చేస్తే బుడిపెలు అణిగి నున్నటి పట్టీలయ్యాయి. కొన్ని 20 నానోమీటర్ల పొడవున్నాయి. చాలాసేపు స్క్రీన్ ముందు నుంచి లేవలేకపోయాను.

ఇక వాటిని బంగారం మీద నుంచి తీయాలి. కింద లోహం ఉండగా ట్రాన్సిస్టర్ చేయలేం. అందుకు అభ్రకం మీది పల్చటి బంగారు పొర మీద పెంచి, ఆ పొరను అయోడిన్ ద్రావణంలో కరిగించేస్తారు. ఇది చెప్పగానే నాన్న చేతిలో పని ఆపారు.

"ఆ నీళ్లు పారబొయ్యొద్దమ్మా, సీసాలో పోసి తీసుకురా. అందులో బంగారం ఉంటుంది."